ఎండ పొడకు అరిచిన యంత్రం: కారం మిల్లులో మెటల్ డిటెక్టర్‌తో నాలుగేళ్లు

మా మిల్లులో కారం ప్యాకెట్లను పరీక్షించే మెటల్ డిటెక్టర్ గురించి కొన్న కొత్తలో ఎవరు అడిగినా నేను ఒకే మాట చెప్పేవాడిని: మన సరుకు తీరును యంత్రమే నేర్చుకునే ఆటో లెర్నింగ్ మీట ఒక్కటి చాలు, పెట్టిన డబ్బు వచ్చినట్టే అని. గుంటూరు చుట్టుపక్కల ఆ మాట నమ్మి కొన్నవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కాబట్టి, ఇప్పుడు దాన్ని కొంత సవరించుకోవలసిన బాధ్యత నా మీదే ఉంది. ఆ మీట వల్లనే నా యంత్రంలోని లోపం కొన్నాళ్ల పాటు కనబడకుండా పోయింది, వారంటీ కూడా దాదాపుగా చేజారింది.

యంత్రం ఎందుకు కావాలో ఈ వ్యాపారంలో ఉన్నవారికి చెప్పనక్కర లేదు. టిక్కీలు (మిరప బస్తాలు) కుట్టిన దబ్బనం ముక్కను, మరలో అరిగిన సుత్తి నుంచి రాలిన ఇనుప రవ్వను దారిలో ఉన్న అయస్కాంతం చాలావరకు పట్టేస్తుంది. జల్లెడ తెగి రాలే స్టెయిన్‌లెస్ స్టీలు తీగ మాత్రం దానికి సరిగా అంటుకోదు. డిటెక్టర్‌కు కూడా ఆ లోహమే అన్నిటికంటే కష్టం. నేను డబ్బు పోసింది ఆ తీగ కోసమే.

ఫ్యాక్టరీ నుంచి 2021 ఆగస్టులో బయలుదేరిన యంత్రాన్ని, మా కరెంటు లోడు పెంపు ఆలస్యం కావడంతో నవంబరులో బిగించారు. బిగించిన రోజు నుంచి 12 నెలలు, లేదా ఫ్యాక్టరీ నుంచి బయలుదేరిన రోజు నుంచి 18 నెలలు, ఈ రెండింటిలో ఏది ముందు ముగిస్తే అదే వారంటీ గడువు. చలికాలమంతా ఏ పేచీ లేకుండా నడిచింది.

2022 మార్చి రెండో వారం నుంచి, ఉదయం పదకొండు దాటగానే, లోహం లేని ప్యాకెట్లను కూడా పక్కకు తోసేయడం మొదలుపెట్టింది. తోసేసిన ప్యాకెట్లను చించి జల్లించి చూస్తే కారమే తప్ప మరేమీ లేదు. సాయంత్రం నాలుగు దాటితే తనంతట తానే మామూలయ్యేది. మొదటిసారి వచ్చిన టెక్నీషియన్ ఎర్తింగ్ బాగాలేదన్నాడు. గుంత తవ్వించి, ఉప్పూ బొగ్గూ పోసి కొత్త ఎర్తింగ్ వేయించాను. రెండోసారి, బెల్టు అతుకులో ఏదో ఇరుక్కుందని బెల్టు మార్పించాడు. ఇవేవీ అర్థం లేని అనుమానాలు కావు, నిజంగా ఇలాంటి కారణాల వల్ల కూడా ఈ యంత్రాలు ఊరికే అరుస్తాయి. మూడోసారి ఏప్రిల్‌లో వచ్చి, మీ మిరపలో తేమ మారుతోంది, మళ్లీ లెర్నింగ్ చేద్దాం అని, మధ్యాహ్నం ఒంటిగంటకు పది ప్యాకెట్లు పంపించి ఆ మీట నొక్కాడు. కూత ఆగిపోయింది. నేను సంతోషించి కాగితం మీద సంతకం చేశాను.

ఉప్పు గాని తేమ గాని ఉన్న పదార్థం తానే కొద్దిపాటి సంకేతాన్ని ఇస్తుంది. మంచి ప్యాకెట్లను పంపి ఆ మీట నొక్కితే యంత్రం ఆ సంకేతాన్ని గుర్తుపెట్టుకుని, ఆపైన దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. ఇక్కడ అది నేర్చుకున్నది మా కారాన్ని కాదు, తన రోగాన్ని. మర్నాడు ఉదయం 2.0 మిల్లీమీటర్ల స్టీలు గుండు ఉన్న పరీక్ష పుల్లను, ప్యాకెట్లు దూరిపోయే సొరంగం నడిమధ్యగా పంపితే నోరెత్తలేదు. 2.5ది మూడుసార్లు పంపితే ఒక్కసారి పట్టుకుంది. ఇనుము 1.5 మాత్రం బాగానే దొరికింది. కూతతోపాటు చూపూ పోయిందన్నమాట. అయస్కాంతానికి దొరికే ఇనుమును పట్టి, దొరకని స్టీలును వదిలేసే డిటెక్టర్ మాకెందుకు?

అసలు కారణం పట్టుకున్నది కంపెనీ మనిషి కాదు, మా దగ్గర ప్యాకింగ్ చూసే ఆవిడ. కొనుగోలుదారు ఒకరు షరతు పెట్టడం వల్ల గంటగంటకూ మూడు పుల్లలు పంపి, సమయమూ గోడ మీది థర్మామీటరు అంకె కూడా పుస్తకంలో రాసేది ఆవిడే. "బాబుగారూ, కిటికీలోంచి ఎండ దాని బుగ్గ మీద పడ్డాకే అరుస్తా ఉండేదండీ" అన్నది ఒకరోజు. నేను బెల్టు ఆపేయించి, పక్కనున్న మోటార్లన్నీ కట్టించి, ఖాళీ సొరంగం ముందు కూర్చున్నాను. తెర మీది సంకేతపు గీత ఏ ప్యాకెట్టూ లేకుండానే మెల్లగా పైకి పాకుతోంది. కిటికీకి గోనె పరదా కట్టించాక అరగంటకు సగానికి దిగింది. పరదా తీస్తే మళ్లీ ఎక్కింది. ఎర్తింగూ బెల్టూ తేమా ఏవీ కారణం కాదని ఆ మధ్యాహ్నం తేలిపోయింది.

ఆ సంగతి జూన్‌లో రాతపూర్వకంగా పంపితే, మరొకతను వచ్చి సెన్సిటివిటీని, అంటే లోహాన్ని పట్టే చురుకును, 180 నుంచి 140కి తగ్గించి వెళ్లాడు. అంతలో వానలు పడ్డాయి, షెడ్డు చల్లబడింది, లోపం మాయమైంది. నవంబరులో వారంటీ ముగిసింది. 2023 ఫిబ్రవరిలో, యార్డులో కొత్త మిరప జోరందుకునే వేళకు, పాత కూత తిరిగి వచ్చింది.

గడువు దాటిందన్నది కంపెనీ వారి మొదటి జవాబు. మీ షెడ్డులో వేడి ఎక్కువన్నది రెండోది. 40 డిగ్రీల దాకా పనిచేస్తుందని వారి పుస్తకంలోనే ఉంది, మా పుస్తకంలో కూత మొదలైన పూటల్లో చాలావాటికి 36, 37 అంకెలే ఉన్నాయి. వారిని కదిలించింది మాత్రం నా వాదన కాదు. గడువులోపల వారి మనుషులే రాసి ఇచ్చిన నాలుగు సర్వీసు కాగితాల్లో ఫిర్యాదు ఒక్కటే ఉంది, చివరిదాంట్లో 180, 140 అన్న అంకెలు వారి చేతిరాతలోనే ఉన్నాయి. ఆ కాగితాల పక్కన మా పరీక్షల పుస్తకం పేజీలు పెట్టి పంపాక, గడువులో మొదలై తీరని ఫిర్యాదుగా ఒప్పుకుని, కాయిల్స్ ఉండే సెర్చ్ హెడ్ మార్చి ఇస్తామన్నారు. కాయిల్స్ కదలకుండా లోపల పోసిన రెజిన్ ఒక మూల పగిలి, వేడికి విడిపోతోందని తరువాత రాశారు. రెండు రిసీవర్ కాయిల్స్ సంకేతాలు ఒకదాన్నొకటి సరిగ్గా రద్దు చేసుకుంటేనే నడిచే యంత్రం కాబట్టి, కంటికి కనబడని కదలిక కూడా దాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

పంపే రవాణా ఖర్చు నాదే అన్నారు. యంత్రం వచ్చిన చెక్కపెట్టెను ఎప్పుడో వంటచెరకుకు ఇచ్చేశాను కాబట్టి కొత్తది చేయించవలసి వచ్చింది. డెలివరీ చలానులో విలువ 50,000 దాటడంతో జీఎస్టీ కింద రవాణాకు కావలసిన ఈ-వే బిల్లూ తీయాలి. పందొమ్మిది రోజులు యంత్రం లేకుండా గడిపాం. ఆ రోజుల్లో విడి కారం తప్ప ప్యాకెట్లు అమ్మలేదు, ఒక ఆర్డరు పోయింది. ఆ నష్టాన్ని ఏ వారంటీ కాగితమూ లెక్కలోకి తీసుకోదు.

కొత్త హెడ్‌కు 90 రోజుల హామీయే ఇచ్చారు. ఏప్రిల్‌లో బిగించారు కాబట్టి ఆ మే నెల ఎండ హామీ లోపలే గడిచింది. మరో రెండు వేసవులూ దాటింది. పొడి కారం వరకు 2.0 స్టీలును నడిమధ్యలో కూడా వదలడం లేదు. ఉప్పు కలిపిన పచ్చళ్ల కారానికి మాత్రం వేరుగా లెర్నింగ్ చేసినా 2.5 కంటే చిన్నదాన్ని నమ్మకంగా పట్టదు. ఈ మాట కొన్నప్పుడు నేనెవరికీ చెప్పలేదు, నాకే తెలియదు. లెర్నింగ్ ఇప్పుడు ఉదయం ఏడింటికే చేస్తాం, అది కూడా పుల్లలు మూడూ పలికిన తరువాతే. దాని పాస్‌వర్డ్ నాకూ ప్యాకింగ్ చూసే ఆవిడకూ తప్ప టెక్నీషియన్లకు ఇవ్వడం లేదు.

ఏసీ ప్యాకింగ్ గది ఉన్నవారికి నా అనుభవం ఎదురుకాకపోవచ్చు. నాది రేకుల షెడ్డు, ఒకే షిఫ్టు, ఎండ పడే కిటికీ. రెండో లైనుకు అదే కంపెనీని మొన్న ధర అడిగాను. వారు డిసెంబరులో బిగిస్తామన్నారు, నేను ఏప్రిల్ అన్నాను. ఇంకా బేరం తెగలేదు.