కదిలిపోయిన బండిలో కర్చీఫు: మూడు ఓడ ప్రయాణాల తర్వాత డెక్కు కుర్చీల మీద నా సమీక్ష

సరదాగా తిరిగొచ్చే క్రూజ్ ఓడలో తిండి ఎట్టా ఉంటుంది, గది ఎంతుంటుంది, రాత్రిపూట ఆటపాటలేంటి అనేవి నేను రాయను. వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ వీడియోలు పెట్టేశారు, పరుపు మీద తువ్వాలుతో చేసిపెట్టే ఏనుగుతో సహా. నేను రాసేదల్లా పైన ఈతకొలను పక్కన వేసి ఉండే వాలుకుర్చీ గురించి. ఆ కుర్చీ విషయంలో నాకు కోపం ఉంది. ఎవరి మీద అనేది మూడో ప్రయాణం అయ్యేసరికి కాస్త తికమకైపోయింది, అది తర్వాత చెప్తా.

నెల్లూరులో 31 ఏళ్లు ఆర్టీసీ కండక్టరుగా చేసి 2015లో రిటైరయ్యాను. ఉదయగిరి, రాపూరు, కనిగిరి వైపు తిరిగాను, ఎక్కువ పల్లెవెలుగు బళ్లే. కాబట్టి సీటు పట్టడం గురించి నాకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. బండి స్టాండులోకి వచ్చి ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, కండువాలు, సంచులు, చెప్పులు వచ్చి పడతాయి. ఒకసారి ఆత్మకూరు బస్టాండులో కరివేపాకు కట్ట పడింది. పెంచలకోన తిరునాళ్లప్పుడు పిల్లకాయల్నే కిటికీలోంచి లోపలికి అందించేవాళ్లు. వాడు మూడు సీట్ల మీదా అడ్డంగా పడుకుని ఏడుస్తా ఉంటే, వాళ్లమ్మా నాన్నా తలుపు దగ్గర తోసుకుంటా ఉండేవాళ్లు.

రూలు ప్రకారం కర్చీఫుకి సీటు లేదు. రూలు ఒక్కదాన్నే పట్టుకుంటే బండి స్టాండు దాటదు. నా దగ్గర తీర్పు ఒకటే: నేను రైట్ చెప్పేలోగా కర్చీఫు వేసినవాడు ఎక్కితే సీటు వాడిది. ఎక్కలేదంటే కర్చీఫు ఇంజను బానెట్టు మీదికి, సీటు నిలబడ్డవాడికి. ఒకే కండువా పరిచి ముగ్గురికి ఆపుతానంటే మాత్రం ఒప్పుకునేవాణ్ణి కాదు, మనిషికొక గుడ్డ. ఎంత పెద్ద రచ్చయినా రెండు నిమిషాల్లో తేలేది. బండి కదలాలి కదా.

మావాడు డల్లాసులో ఉంటాడు. అక్కణ్ణించి కారులో అయిదు గంటలు పోతే గాల్వెస్టన్ రేవు. 2019లో మొదటిసారి ఎక్కాం. తర్వాత కరోనాకి ఓడలన్నీ ఆగిపోయాయి. మళ్లీ 2023లో, 2024లో వెళ్లాం. మూడుసార్లూ మెక్సికో వైపు, కొజుమెల్ దీవి దాకా. కంపెనీల పేర్లు రాయను.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఈ కుర్చీలకి అద్దె లేదు, నంబరు లేదు, ముందొచ్చినవాళ్లు కూర్చోవచ్చు. ఓడ రేవులో ఆగిన రోజు జనం దిగిపోతారు, కుర్చీలు బోలెడు. తంటా అంతా ఓడ రోజంతా నడిసముద్రంలో ఉన్నప్పుడే. వేలమంది ఒకేసారి పైకొస్తారు, అందరికీ కొలను పక్కనే కావాలి, అందులోనూ నీడ కావాలి. అందుకని పొద్దున్నే వచ్చి తువ్వాలు పరిచి, మళ్లీ కిందికి పోయి పడుకునేవాళ్లు ఉంటారు. ఇంగ్లండు వాళ్లు ఈ తువ్వాళ్ల మీద జర్మన్లని ఆటపట్టిస్తుంటారని మా మనవడు చెప్పాడు. నేను చూసినంతలో ఈ విద్యకి దేశం లేదు. మనిషి లేకుండా సామాను వదిలేస్తే ఇంతసేపు చూసి తీసేస్తామని బోర్డు ఉంటుంది. కొన్ని కంపెనీల్లో అది 30 నిమిషాలు, కొన్నింట్లో 40. మేమెక్కిన ఓడల్లో 40.

2019లో దాన్ని అమలు చేయడం కళ్లారా చూశాను. ఇండోనేషియా కుర్రాడొకడు, పాతికేళ్లుంటాయి, చేతిలో స్టిక్కర్ల చుట్ట, చెవి మీద బాల్ పెన్ను. ఖాళీ కుర్చీ మీద తువ్వాలు కనపడితే స్టిక్కరు అంటించి దాని మీద టైం రాస్తాడు. నలభై నిమిషాలకి తిరిగొచ్చి చూస్తాడు. మనిషి రాకపోతే చెప్పులు, పుస్తకం, సన్‌స్క్రీన్ సీసా అన్నీ తువ్వాల్లోనే చుట్టి, సంచిలో వేసి, తువ్వాళ్లిచ్చే కౌంటరుకి పంపిస్తాడు. అరుపు లేదు, వాదన లేదు. మీసం తిప్పడం అసలే లేదు. నేను కాఫీ చల్లారిపోయేదాకా చూస్తా కూర్చున్నా. ముప్ఫై ఏళ్లు గొంతు చించుకుని చేసిన పనిని వీడు కాగితం ముక్కతో చేస్తున్నాడు. ఊరికొచ్చాక పెళ్లిళ్లలో, చావుల్లో కూడా అందరికీ చెప్పాను, పద్ధతంటే అదీ అని.

అప్పుడే నాకొకటి తోచింది. బస్సులో కర్చీఫు ఎప్పటిదాకా చెల్లుతుందో అందరికీ తెలుసు, బండి కదిలేదాకా. ఓడలో బండి ఎప్పుడో కదిలిపోయింది, నడిసముద్రంలో ఉంది. రైట్ చెప్పేవాడు లేడు, దిగే స్టేజీ లేదు. ఇక తువ్వాలు గడువు ఎవరు చెప్పాలి? గడియారమే చెప్పాలి. ఇది మావాడికి చెప్తే నవ్వాడు.

2023లో పొద్దున ఏడున్నరకి పైకి పోతే నీడ ఉన్న వరస మొత్తం తువ్వాళ్లే. చిలక బొమ్మలున్న క్లిప్పులు పెట్టి, గాలికి ఎగరకుండా బిగించి మరీ పోయారు. ఒక కుర్చీ మీద ఒంటి చెప్పు. ఇంకోదాని మీద సగం తాగిన నీళ్ల సీసా. మనిషి లేడు. తొమ్మిదయింది, పది దాటింది, ఒక్క స్టిక్కరు పడలేదు. స్టిక్కర్ల కుర్రాడు అటూ ఇటూ తిరుగుతానే ఉన్నాడు. నేను వెళ్లి చెయ్యి చూపిస్తే "యెస్ సర్" అని నవ్వి అవతలి వరసకి పోయాడు. పదిన్నర దాటాక ఎక్కడో రెండు అంటించాడు.

అప్పుడు తిట్టుకున్నా గానీ, వాడి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. రోజూ అదే రూటులో అదే పాసింజర్లతో తిరిగేవాడికి ఎవరితో పెట్టుకోవాలో, ఎవర్ని చూసీ చూడనట్టు పోవాలో లెక్క ఉంటుంది. వాడికి ఆ జనం ఇంకా నాలుగు రోజులు ఉంటారు, దిగేటప్పుడు మార్కులు వేసిపోతారు. నేనూ రాపూరు బండిలో కొందరు పెద్దమనుషుల కండువాల జోలికి పోలేదు. కాబట్టి పెళ్లిళ్లలో నేను చెప్పినదాన్ని కాస్త తగ్గించి వినండి: ఆ పద్ధతి ఉంది, అంటించేవాడుంటే ఉంది.

ఇక 2024. నడిసముద్రం రోజు. ఈసారి నేనే ముందుగా పోయి నీడలో రెండు కుర్చీలు పట్టాను. పట్టానంటే కూర్చున్నానని, మా ఆవిడ కూడా పక్కనే ఉంది. పదకొండున్నరకి ఆమె షుగరు మాత్ర గదిలో మర్చిపోయినట్టు గుర్తొచ్చింది. గది రెండో అంతస్తు, మేమున్నది పదకొండు. ఆమె మోకాళ్లకి మెట్లు కుదరవు, లిఫ్టేమో పల్లెవెలుగులాగా ప్రతి స్టేజీలో ఆగుతుంది. ఆమెని ఒక్కదాన్నే పంపలేక నేనూ లేచాను. తువ్వాళ్లు, నా చదువుకునే అద్దాలు, ఆమె శాలువా కుర్చీల మీదే ఉంచాను. పావుగంట పని అనుకున్నా.

మాత్ర వేసుకున్నాక ఏదో ఒకటి తినాలి కదా. అన్నం పెట్టుకుని, చప్పటి పెరుగు కలిపి, ఆమె సంచిలోంచి మాగాయి తీసింది. ఆ వాసనకి పక్క బల్ల వాళ్లు తలెత్తి చూశారు, ఒంగోలు వాళ్లు! వాళ్లబ్బాయిది కూడా డల్లాసే. మాగాయి పంచుకున్నాం, ఊరి కబుర్లు చెప్పుకున్నాం.

తిరిగొచ్చేసరికి మా కుర్చీల్లో తెల్లవాళ్లు ఇద్దరు పడుకుని ఉన్నారు, మాకంటే పెద్దవాళ్లు. మా వస్తువులు లేవు. నాకు ఒళ్లు మండిపోయింది. "దిస్ ఈజ్ అవర్ సీట్" అన్నా, నా ఉద్యోగం గొంతులో. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా కుర్చీ చేతి మీద అంటించి ఉన్న కాగితం చూపించాడు. 11:40 అని ఉంది. నా వాచీలో 12:35.

31 ఏళ్లలో ఎన్ని కర్చీఫులు బానెట్టు మీదికి విసిరానో లెక్కలేదు. నా గుడ్డ ఎవరైనా విసిరేయడం అదే మొదటిసారి. మా ఆవిడ అప్పటికే నవ్వడం మొదలుపెట్టింది. "ఏందండీ, రైట్ చెప్పేశారా?" అంది.

ఆ తర్వాత ఆమె చేసింది నేను ఊహించలేదు. కాళ్లు నొప్పులు కదా, ఆ పెద్దావిడ కుర్చీ చివర, కాళ్ల దగ్గర, అడక్కుండా కూర్చుంది. మన బస్సులో "కాస్త జరగమ్మా" అని ఇద్దరి సీట్లో మూడో మనిషి కూర్చోడం ఆమెకి పుట్టినప్పటినుంచీ అలవాటు. ఆ పెద్దావిడ ఉలిక్కిపడి కాళ్లు ముడుచుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క క్షణం తర్వాత ఆవిడ ఇంకాస్త వెనక్కి జరిగి, ఖాళీ అయిన చోట చేత్తో తట్టింది. పది నిమిషాలకి ఇద్దరూ ఒకరి మోకాళ్లు ఒకరికి చూపించుకుంటా మాట్లాడుకుంటున్నారు. ఈమెకి ఇంగ్లీషు రాదు, ఆమెకి తెలుగు రాదు. నాకు అర్థమైందేంటంటే ఆ కుర్చీని ఒక్కరి కోసమే చేశారు. మన బస్సు సీటు బల్ల కాబట్టి అందులో జరగొచ్చు, సర్దుకోవచ్చు. సర్దుకునే వీలు లేని చోటే ఇన్ని స్టిక్కర్లు కావాలి.

కౌంటరులో సంచి ఉంది. శాలువా మడతపెట్టి ఉంది, అద్దాల్ని ఎవరో కాగితం రుమాల్లో చుట్టి పెట్టారు. తువ్వాలు మాత్రం ఒకటే ఉంది. మా గది కార్డు మీద తీసుకున్నవి రెండు. రెండోది నేనివ్వలేదని ఖాతాలో 22 డాలర్లు రాశారు. మీరే తీసి, మీరే పోగొట్టి, నాకు రాస్తారా అని మావాణ్ణి వెంటబెట్టుకుని పోదామనుకున్నా. అసలు కోపం అదీ. కానీ టిక్కెట్ల లెక్కలో తేడా వస్తే జేబులోంచి కట్టినవాణ్ణి నేను. ఆ తేడా ఆ కుర్రాడి జీతంలో కోస్తారేమోనని ఊరుకున్నా. కోస్తారో లేదో అడగలేదు. డబ్బు కట్టింది మావాడు, కాబట్టి నా ఉదారం ఎంతో మీకు తెలిసిపోయింది.

వెళ్లమంటావా వద్దంటావా అని అడిగేవాళ్లకి సూటిగా చెప్పలేను. ఖర్చు నాది కాదు, నా వయసు 67, మా ఆవిడవి ఆ మోకాళ్లు. మీరు కుర్రవాళ్లయితే అసలు కుర్చీతో పనేం ఉంది. మాలాంటివాళ్లకి మాత్రం ఒక మాట: ఇద్దరూ ఒకేసారి లేవకండి. బాత్‌రూమ్‌కి పోయొస్తే ఎవరూ ఏమీ అనరు. భోజనానికి పోతే గుడ్డలు ఎత్తుకుని పోండి, వచ్చాక దొరికిన చోట కూర్చోండి. తువ్వాళ్లు తిరిగిచ్చేటప్పుడు కౌంటరులో లెక్క చూపించుకుని కదలండి. చిలక క్లిప్పులు మా ఆవిడ కూడా కొనుక్కొచ్చింది, ఇప్పుడు మా డాబా మీద బట్టలకి పెడుతోంది, బానే పట్టుకుంటున్నాయి.

కొజుమెల్‌లో ఆగిన రోజు మేం దిగలేదు. డెక్కంతా ఖాళీ. వరసకి ఇరవై కుర్చీలు, ఎక్కడైనా కూర్చోవచ్చు. నాలుగు చోట్లు మారాను. అరగంటకే విసుగుపుట్టింది, తోసుకునేవాడు లేకపోతే సీటు దొరికినట్టే అనిపించదు.

ఈసారి అలాస్కా పోదాం అంటున్నాడు మావాడు. అక్కడ చలికి డెక్కు మీద కుర్చీల కోసం ఎవరూ కొట్టుకోరంట. మా ఆవిడ స్వెట్టరు అల్లడం మొదలుపెట్టింది. నేనింకా ఏమీ చెప్పలేదు.