మనవరాలితో అలాస్కా: గ్లేసియర్ బే ఉన్న ఓడే ఎక్కండి

వేసవిలో సియాటిల్ నుంచి అలాస్కాకి చాలా కంపెనీల ఓడలు వెళ్తాయి. ధరలు వేరు, లోపల హంగులు వేరు. ఏది ఎక్కమంటారని నన్ను అడిగితే, రూటులో గ్లేసియర్ బే, అంటే హిమానీనదాలు సముద్రంలోకి దిగే ఆ అఖాతం, ఉందో లేదో చూడమంటాను. ఉంటే కిటికీ లేని గది దొరికినా తీసుకోండి. లేకపోతే బాల్కనీ గది సగం ధరకి ఇస్తామన్నా వద్దు. పక్కన మనవడో మనవరాలో ఉంటే మరీను.

నేను రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాను. మాది శ్రీకాకుళం జిల్లా. అమ్మాయి సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో ఉంటుంది. అమ్మాయికీ అల్లుడికీ సెలవు దొరకలేదు. అందుకని మా ఆవిడ, నేను, తొమ్మిదేళ్ళ మనవరాలు చిట్టి, ముగ్గురం ఒకే గదిలో సర్దుకుని జూలై ఆఖర్లో వెళ్ళొచ్చాం. ఏడు రాత్రుల ప్రయాణం. జూనో, స్కాగ్వే, గ్లేసియర్ బే, కెచికాన్, చివర్లో కెనడాలోని విక్టోరియా.

ముందు కాగితాల సంగతి చెప్తాను. మనవాళ్ళు దెబ్బతింటున్నది అక్కడే. రేవులో మా ముందు లైన్లో ఉన్న గుంటూరు దంపతులని ఓడ ఎక్కనివ్వలేదు. పిల్లల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళే, అమెరికా వీసా ఉంది, టికెట్టు ఉంది. కెనడా వీసా లేదు. టికెట్లు కొనిచ్చిన ఏజెంటు ఆ మాటే చెప్పలేదట. ఆవిడ పెట్టె మీద కూర్చుని ఏడుస్తుంటే మాకు కాళ్ళు కదల్లేదు. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ వేరే దేశాల్లో రిజిస్టరైనవి. అలాంటి ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళని మధ్యలో పరాయి దేశపు రేవు తాకకుండా తిప్పి తేకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. అందుకే సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు ఒక్క సాయంత్రమైనా కెనడాలో ఆగుతాయి. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ముందుగానే కెనడా విజిటర్ వీసా తీసుకోవాలి, అమెరికా వీసా కూడా మళ్ళీ లోపలికి రానిచ్చేదై ఉండాలి. పిల్ల అమెరికాలో పుట్టినా సరే, తల్లిదండ్రులు వెంట లేకపోతే వాళ్ళిద్దరూ సంతకం చేసి నోటరీ చేయించిన అనుమతి పత్రం దగ్గర పెట్టుకోండి. జబ్బు చేస్తే వైద్యం చేయించే అధికారం మనకి ఇస్తున్నట్టు కూడా అందులో రాయించండి.

ఓడ సియాటిల్ వదిలాక కొంతసేపు నీళ్ళు చెరువులా ఉంటాయి. తర్వాత వాంకూవర్ దీవికి పడమరగా బయటి సముద్రంలోకి వెళ్తుంది. ఆ రాత్రీ మర్నాడూ ఊగింది. మా ఆవిడ మంచం దిగలేదు. ఓడవాళ్ళు అల్లం బిళ్ళలు, ఆకుపచ్చ ఆపిల్ ముక్కలు ఇచ్చారు, కొంత పనిచేశాయి. తల తిరుగుడు మాత్ర మాత్రం ఊగడం మొదలయ్యాక కాకుండా ముందే వేసుకోవాలి. గది కింది అంతస్తుల్లో, ఓడ నడిమిన ఉంటే ఊపు తక్కువ తెలుస్తుంది. పెద్దవాళ్ళు ఆ గదులే అడగండి.

ఇక గ్లేసియర్ బే. ఇది నేషనల్ పార్కు. రోజుకి రెండు పెద్ద ఓడలకి మించి రానివ్వరు, అందుకే అన్ని కంపెనీలకీ ఆ రూటు ఉండదు. పొద్దున్నే చిన్న పడవలో పార్కు రేంజర్లు వచ్చి, ఓడ నడుస్తూ ఉండగానే పక్కన వేలాడదీసిన నిచ్చెన పట్టుకుని ఎక్కుతారు. చిట్టిని ఆరింటికే లేపి రైలింగు దగ్గరకి తీసుకెళ్ళాను. టోపీ పెట్టుకున్న ఒకావిడ వీపున సంచితో ఆ నిచ్చెన ఎక్కడం చూసి పిల్ల నోరు తెరిచింది. ఆ రోజంతా ఆవిడ వెనకాలే తిరిగింది.

రేంజర్లు పిల్లలకి ఒక పుస్తకం ఇస్తారు. అందులో చూసినవి గుర్తుపెట్టాలి, బొమ్మలు వెయ్యాలి, ప్రశ్నలకి జవాబులు రాయాలి. పూర్తిచేసి చూపిస్తే చెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించి, జూనియర్ రేంజర్ బ్యాడ్జి ఇస్తారు. ఖరీదు ఏమీ లేదు. ఓడలో వీడియో గేములకి, నీళ్ళ జారుడుబండకి ఎంత ఖర్చుపెట్టి ఏర్పాట్లు చేశారో తెలీదు గానీ, మా పిల్లని ఫోను ముట్టకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా డెక్కు మీద నిలబెట్టింది ఆ పుస్తకమే. సీ ఓటర్లనే సముద్రపు నీటిపిల్లులు వెల్లకిలా పడుకుని, కడుపు మీద పిల్లని పెట్టుకుని తేలుతుంటే లెక్కపెట్టింది. ఒక చిన్న దీవి రాళ్ళ మీద సీ లయన్లు, అంటే సీల్ లాంటి పెద్ద జంతువులు, అరుస్తుంటే వాటి వాసన ఓడ దాకా వచ్చింది, అది కూడా రాసుకుంది.

రేంజరమ్మ మైకులో చెప్పిన చరిత్ర నన్ను కట్టిపడేసింది. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ జార్జ్ వాంకూవర్ దళం ఇటు వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపుగా లేనే లేదు. కొద్ది మైళ్ళ లోతున్న గంటు, దాని వెనక మంచుగోడ. 1879లో ప్రకృతి శాస్త్రవేత్త జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ గోడ నలభై మైళ్ళకి పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు ఓడ దాదాపు 65 మైళ్ళు లోపలికి వెళ్తుంది. అంటే రోజంతా మేం తేలింది ఒకప్పుడు మంచు ఉన్న చోటే. ఆ మంచు ముందుకి తోసుకొచ్చిన కాలంలో ఇక్కడి ఆదివాసులైన హూనా ట్లింగిట్ జనం ఊళ్ళు వదిలి పోవలసి వచ్చిందట. 2016లో పార్కు లోపలే వాళ్ళ సంప్రదాయ గృహం మళ్ళీ కట్టారు. "అప్పుడు వాళ్ళ తాతలు ఎక్కడికి వెళ్ళారు?" అని చిట్టి అడిగింది. రేంజరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, మ్యాపులో హూనా ఊరు చూపించి జవాబు చెప్పింది. డబ్బు పెట్టి కొన్న సేవల్లో ఇంత ఓపిక నాకు ఎక్కడా కనపడలేదు.

మధ్యాహ్నం మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఆగింది. వెడల్పు మైలు, నీటి పైన ఎత్తు సుమారు 250 అడుగులు. పగుళ్ళలో నీలి రంగు. ఏళ్ళ తరబడి బరువుకి గాలి బుడగలు పోయి గట్టిపడిన మంచు ఎరుపు వెలుగుని మింగేసి నీలాన్ని వదుల్తుందని రేంజరమ్మ చెప్పింది. ఓడ మెల్లిగా తిరుగుతుంది, రెండు వైపుల గదులవాళ్ళకీ కనిపిస్తుంది. బాల్కనీ కోసం డబ్బు పోయక్కర్లేదని నేను అంటున్నది అందుకే. పై డెక్కు మీద నిలబడితే అంతా మనదే.

ఒక పెద్ద ముక్క విరిగి పడింది. ముందు పడడం కనపడింది, తర్వాత ఉరుము వినపడింది. చిట్టి ఎందుకలా అని నన్నే అడిగింది. నా వాచీ చేతికిచ్చి, ఈసారి పడితే సెకన్లు లెక్కపెట్టు అన్నాను. ఇంకో ముక్క పడింది. రెండు సెకన్లకి కాస్త తక్కువ. చప్పుడు సెకనుకి 340 మీటర్లు పోతుందని చెప్పి గుణించమన్నాను. "తాతా, అరకిలోమీటరు పైనే!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ లెక్కని పుస్తకంలో ఒక మూల రాసుకుంటే, బ్యాడ్జి ఇచ్చే ముందు రేంజరమ్మ అది కూడా చదివింది.

ఓడ గురించి చెప్పుకోవలసింది కూడా ఉంది. గది శుభ్రంగా ఉంది, పనివాళ్ళు మర్యాదస్తులు. బఫేలో రోజూ ఒక ఇండియన్ కూర, అన్నం ఉండేవి. వంటవాళ్ళలో గోవా కుర్రాడు ఒకడు మా ఆవిడ శనివారం ఉపవాసం తెలుసుకుని, వేరే మూకుడులో కూరగాయలు వేయించి తెచ్చాడు. రాత్రి చిట్టికి పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టదు. తీపి లేని పెరుగు పొద్దుటి పూట బఫేలో దొరుకుతుంది, సాయంత్రానికి ఒక గిన్నె ఉంచమంటే ఉంచారు. సీలు విప్పని ఆవకాయ సీసా తీసుకెళ్ళాం, ఎవరూ కాదనలేదు. నాకు సాల్మన్ చాలా నచ్చింది.

నచ్చనిది అమ్మకం గోల. ఫోటోలు తీసేవాళ్ళు అడుగడుగునా ఆపుతారు, తర్వాత ఆ ఫోటో కొనమని వెంటపడతారు. నగల దుకాణాల ప్రకటనలు మైకులో విసుగు పుట్టించాయి. టిప్పుల పేరుతో పసిపిల్లకి కూడా రోజుకి ఇంతని బిల్లులో కలుపుతారు, బడ్జెట్‌లో ముందే వేసుకోండి. పిల్లల గదిలో చిట్టి వయసువాళ్ళని మూడేళ్ళ పిల్లలతో కలిపి కూర్చోబెట్టి కార్టూన్లు వేశారు. ఒక గంట ఉండి వచ్చేసింది. ఇంత డబ్బు తీసుకునేవాళ్ళు ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి.

స్కాగ్వేలో వైట్ పాస్ రైలు తప్పకుండా ఎక్కించండి. టికెట్టు చవకేం కాదు, అయినా ఎక్కించండి. 1896లో కెనడాలోని క్లోండైక్‌లో బంగారం దొరికిందని జనం ఎగబడితే, 1898లో పని మొదలుపెట్టి 1900 కల్లా కొండల మీదుగా వైట్‌హార్స్ దాకా 110 మైళ్ళ దారి వేశారు. మూడడుగుల నేరో గేజ్. మా నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలు దారి కూడా 1900లోనే తెరిచారు, అది రెండున్నర అడుగులు. బ్రాడ్ గేజ్ కాకముందు ఆ లైను మీద గార్డుగా చేసినవాణ్ణి కాబట్టి పెట్టెలో కూర్చోగానే ఆ చప్పుడు నాకు తెలిసిపోయింది. ఇక్కడ ఇరవై మైళ్ళలోనే 2,865 అడుగుల ఎత్తుకి ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఎడమ వైపు కూర్చుంటే లోయ బాగా కనపడుతుంది. పైన ఇంజన్లు తీసి రెండో చివర కట్టి, సీట్లు అటు తిప్పి, ఇటు కూర్చున్నవాళ్ళని అటు పంపుతారు. అందరికీ రెండు వైపులా దక్కుతుంది, పద్ధతైన పని. ఇంజన్ కట్టాక బ్రేకు ఎందుకు పరీక్షిస్తారో చిట్టికి చెప్పాను. దిగుడు దారిలో బండిని పట్టి ఉంచేది ఇంజన్ ఒక్కటే కాదు, వెనకున్న ప్రతి పెట్టె బ్రేకూ అని చెబితే, దిగినంతసేపూ చక్రాల చప్పుడే వింది. అదే కొండలో గుర్రాలు వేలకొద్దీ చచ్చిన లోయ ఒకటుంది. అది చూపించినప్పుడు పెట్టెలో మాటలు ఆగిపోయాయి.

జూనో అలాస్కా రాజధాని, అయినా అక్కడికి బయటి నుంచి రోడ్డు లేదు. పడవలో తిమింగలాలు చూడ్డానికి వెళ్ళాం. వాన, చలి, పడవ ఇరుకు. రెండు హంప్‌బ్యాకుల తోకలు కనపడ్డాయి. చలికాలం హవాయి దగ్గర దాదాపు తిండి లేకుండా గడిపి, తినడానికి ఇక్కడికి వస్తాయట. పెద్దవాళ్ళకి పడవ ఎక్కడం కష్టమైతే మెండెన్‌హాల్ హిమానీనదానికి బస్సులో వెళ్ళడం మేలు, నడక దారి బాగుంది. కెచికాన్‌లో ఏడాదికి 150 అంగుళాల దాకా వాన పడుతుంది, మాకూ పడింది. వాగులో సాల్మన్లు ఎదురీదడం వంతెన మీంచి ఉచితంగా చూడొచ్చు, చిట్టి అక్కణ్ణుంచి కదల్లేదు. విక్టోరియాలో రాత్రి ఆగాం, అలిసిపోయి ఓడ దిగలేదు.

బట్టల విషయంలో మందపాటి కోటు ఒకటి కన్నా పొరలుగా వేసుకునేవి నయం, పైన తడవని జాకెట్టు. పిల్లకి చేతి తొడుగులు రెండు జతలు పెట్టండి, ఒకటి తడుస్తుంది. బైనాక్యులర్స్ మనిషికొకటి ఉండాలి, లేకపోతే పిల్ల మనకి ఇవ్వదు. జూనియర్ రేంజర్ పుస్తకం ఎక్కడ, ఎన్నింటికి ఇస్తారో ముందు రోజు రాత్రే ఓడ కౌంటర్లో అడిగి పెట్టుకోండి. మా ఓడలో ఆ సంగతి గదికి పంపే రోజువారీ కాగితంలో అడుగున చిన్న అక్షరాల్లో వేశారు, చాలామంది పిల్లలకి ఆ పుస్తకమే అందలేదు.