గడియారం ఎవరిది? నాలుగేళ్లు వాడిన మీటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్ జోన్ సెట్టింగు

మాదాపూర్‌లోని ఆఫీసులో కూర్చుని డల్లాస్‌లో ఉన్న టీమ్‌తో రోజూ సాయంత్రం మాట్లాడే ఉద్యోగం నాది. మా ఆఫీసులో అందరికీ ఇచ్చిన మీటింగ్ సాఫ్ట్‌వేర్‌నే నాలుగేళ్లుగా వాడుతున్నాను. వీడియో, చాట్, రికార్డింగ్‌ల గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు కనుక వాటి జోలికి పోకుండా, రెండు దేశాల మధ్య పనిచేసేవాళ్లకు నిజంగా నిద్ర చెడగొట్టే టైమ్ జోన్ సెట్టింగు గురించి మాత్రమే రాస్తాను.

మొదటిరోజు ఆ సెట్టింగులోని టైమ్ జోన్ల జాబితా తెరిచి హైదరాబాద్ కోసం వెతికాను, కనబడలేదు. ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీకి 5:30 గంటలు ముందున్న వరుసలో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని నాలుగు పేర్లున్నాయి. దాని పక్కనే, అదే 5:30తో, శ్రీ జయవర్ధనపుర అని శ్రీలంక వరుస ఉంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి పొరపాటున దాన్ని ఎంచుకుని నెలల తరబడి హాయిగా పనిచేసుకుంది, ఎందుకంటే రెండు దేశాల సమయమూ ఒకటే. మన దేశ కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుందని బడిలో చదువుకున్నవాణ్ణి, ఆ వరుసలో తెలుగు ఊరు ఒక్కటీ లేకపోవడం కొంచెం వెలితిగానే తోచింది.

లెక్కల్లో మాత్రం దీన్ని తప్పుపట్టడానికి లేదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి. 2007 నుంచి అక్కడ ఇదే పద్ధతి. యూరప్‌లో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాలు ఆ పని చేస్తాయి కనుక, మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం లండన్‌కూ డల్లాస్‌కూ మధ్య తేడా ఎప్పటిలా ఉండదు. అరిజోనాలో చాలా భాగం అసలు గడియారమే మార్చదు. ఇవన్నీ ఈ సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. డల్లాస్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో రాత్రి 7:30, చలికాలంలో 8:30 అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు చూపలేదు.

చిక్కంతా వేరేచోట ఉంది. వారం వారం జరిగే మీటింగ్ పెట్టినప్పుడు, అది ఎవరి గడియారానికి కట్టుబడి ఉండాలన్నది ఆ క్షణంలో ఆర్గనైజర్ ఏ టైమ్ జోన్‌లో ఉంటే దాన్నిబట్టి నిర్ణయమైపోతుంది. ఆ నిర్ణయం జరిగినట్టు మనకు ఎవరూ చెప్పరు. ఇది నాకు తెలిసివచ్చింది రెండేళ్ల కిందట. ఏప్రిల్‌లో మూడు వారాల ఆన్‌సైట్ పనిమీద డల్లాస్ వెళ్లాను. ల్యాప్‌టాప్ తెరవగానే, మీరున్న చోటు మారింది, టైమ్ జోన్ కూడా మార్చమంటారా అని అడిగితే సరే అన్నాను. అక్కడ ఉండగానే, తిరిగి వచ్చాక ప్రతి గురువారం మధ్యాహ్నం 3 గంటలకు మా హైదరాబాద్ టీమ్ కలుసుకునేందుకు ఇన్వైట్ పంపాను. నా తెరమీద అది తెల్లవారుజామున 4:30 అని పడింది, ఇండియాలో 3 గంటలే కదా అని ఊరుకున్నాను. ఆర్నెల్లు ఏ ఇబ్బందీ రాలేదు. నవంబరు మొదటి వారంలో అమెరికా గడియారం వెనక్కి వెళ్లింది. ఒక్క అమెరికన్ కూడా లేని మా మీటింగ్ దాన్ని పట్టుకుని సాయంత్రం 4 గంటలకు మారిపోయింది. అలవాటు ప్రకారం వచ్చిన నలుగురం 3 గంటలకు గదిలో కూర్చున్నాం, క్యాలెండర్ చూసుకునే బుద్ధిమంతులు 4 గంటలకు వచ్చారు, ఆ వేళకు గది ఇంకొక టీమ్ చేతిలో ఉంది.

సవరణ చాలా సులువు. ఇన్వైట్ రాసేచోట, సమయం పక్కన చిన్న లింకు నొక్కితే ఆ ఒక్క మీటింగ్‌కు టైమ్ జోన్ విడిగా ఎంచుకోవచ్చు. అయితే ఆ లింకు కనబడేది ల్యాప్‌టాప్‌లోనే. ఫోన్ యాప్‌లో సమయం మార్చవచ్చు గానీ జోన్ మార్చలేము. ప్రయాణంలో ఉన్నవాడికే ఎక్కువ అవసరమైన వసతి ప్రయాణంలో చేతికందకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మెచ్చుకోవలసింది రెండో టైమ్ జోన్ పట్టీ. క్యాలెండర్ ఎడమవైపు రెండు గడియారాలు పక్కపక్కన నిలబెట్టుకుని, వాటికి మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. నేను ‘ఇక్కడ’, ‘డల్లాస్’ అని పెట్టుకున్నాను. ఎదుటివాళ్ల భోజనవేళ, పిల్లల్ని బడిలో దింపే వేళ కంటిముందు ఉంటే, వాళ్లకు ఉదయం 7 గంటలకు ఇన్వైట్ పంపడానికి చేయి రాదు. నాకంటే మా డల్లాస్ మేనేజర్‌గారు దీన్ని ముందు వాడి ఉంటే నా శుక్రవారాలు బాగుపడేవి. ఆయన శుక్రవారం మధ్యాహ్నం 2 గంటలకు పెట్టే మీటింగ్ వేసవిలో మనకు రాత్రి 12:30. అది ఇంట్లో అందరి లెక్కలో శుక్రవారం రాత్రే. సూర్యోదయంతో రోజు మార్చే మన పంచాంగమూ అదే అంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని శనివారం గడిలో వేస్తుంది. మొదటి నెలలో నేను ఒక మీటింగ్‌కు ఏకంగా ఒక రోజు ఆలస్యమయ్యాను.

రోజంతా సెలవు అని గుర్తుపెట్టే ఎంట్రీ మరీ అన్యాయం. వినాయకచవితికి నేను ఒక్కరోజు సెలవు పెడితే, అది మన అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు అని నమోదై, డల్లాస్ క్యాలెండర్‌లో ముందురోజు మధ్యాహ్నం 1:30కి మొదలై పండుగనాటి మధ్యాహ్నం దాకా రెండు గళ్లలో పరుచుకుంది. రెండు రోజులు సెలవా అని మేనేజర్‌గారు అడిగారు. అప్పటినుంచి సెలవును అక్కడి పనిగంటలకు సరిపెట్టి, గంటలతో సహా నమోదు చేస్తున్నాను.

ఇన్వైట్ చదివే తెరమీద, ఈ మీటింగ్ డల్లాస్ సమయానికి కట్టుబడి ఉంది అని ఒక్క వాక్యం చూపితే నా ఫిర్యాదుల్లో సగం పోతాయి. అది వచ్చేదాకా, వారం వారం జరిగే ప్రతి మీటింగ్ పేరులోనే ‘హైదరాబాద్ 3’ అనో ‘డల్లాస్ 9’ అనో రాస్తున్నాను. పోయిన నవంబరులో సమయం మారినప్పుడు మా వాళ్లు నన్ను అడగలేదు, పేరు చూసుకుని వచ్చేశారు.