చలికాలపు పూలమొక్కలను నిలబెట్టుకోవాలా, తీసేసి వేసవి పూలు వేయాలా: ఏది మేలు?

ఎండలు ముదురుతున్నప్పుడు పూలతోట పెంచేవారి నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఇది: పూత తగ్గుతున్న పాన్సీ, స్నాప్‌డ్రాగన్, పెటునియా మొక్కలను షేడ్‌నెట్ (ఎండను తగ్గించే నీడ వల) కింద ఇంకొంతకాలం కాపాడుకోవాలా, లేక తీసేసి జినియా, బిళ్ళగన్నేరు, పోర్చులాకా వేసుకోవాలా? సాధారణంగా ఈ ఎంపికను మధ్యాహ్నపు ఎండను చూసి చేస్తారు. నా దృష్టిలో మాత్రం దీన్ని తేల్చవలసింది రాత్రి వేడి.

మొక్క పగటి వెలుతురులో తయారుచేసుకున్న ఆహారంలో కొంత భాగాన్ని రాత్రంతా శ్వాసక్రియకు ఖర్చు చేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు సుమారు రెట్టింపవుతుంది. రాత్రులు చల్లగా ఉన్నన్నాళ్ళూ మిగిలిన ఆహారం మొగ్గలకు చేరుతుంది. రాత్రులు వేడెక్కాక మిగులు కరిగిపోతుంది. పాన్సీ కాడలు సన్నగా సాగడం, పూల పరిమాణం తగ్గడం, కింది ఆకులు పసుపెక్కడం వంటివి కనిపించినప్పుడు నీరు చాలలేదని అనుకుని మరింత నీరు పోస్తుంటారు. వేడెక్కిన కుండీలో తడి నిలిస్తే వేళ్ళు కుళ్ళి, ఉన్న మొక్క కూడా పోతుంది.

షేడ్‌నెట్ ఆకులు మాడకుండా కాపాడుతుంది, కుండీ మట్టి పగలు విపరీతంగా కాగకుండా చూస్తుంది. ఆ మేరకు దాని ఉపయోగాన్ని కాదనలేం. అయితే అది రాత్రి గాలిని చల్లబరచదు. పైగా 50 శాతం నీడనిచ్చే నెట్ కట్టినప్పుడు వెలుతురు సగానికి పడిపోతుంది కాబట్టి, ఆహారం తయారీ తగ్గి, రాత్రి ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. మొక్క బతుకుతుంది గాని పూయదు. ఆకు కోసం కాక పువ్వు కోసం పెంచే తోటలో ఇది చిన్న లోపం కాదు. అందుకే రాత్రులు చల్లగా ఉండే చోట పాత మొక్కలను ఉంచుకోవడమే సరైనదని, రాత్రులు ఉక్కగా మారే చోట వాటిని తీసేయడమే మేలని నేను భావిస్తాను.

ఈ మాటకు పెటునియా కొంత మినహాయింపు. పగటి సమయం పెరగడం దానికి ఇబ్బంది కాదు, పూతకు తోడ్పడుతుంది కూడా. సాగిన కొమ్మలను సగానికి కత్తిరించి కాస్త ఎరువు వేస్తే కొత్త చిగుళ్ళు వేసి మరో విడత పూస్తుంది. చామంతి సంగతి వేరు: అది మొగ్గ తొడగడానికి దీర్ఘమైన రాత్రులు కావాలి కనుక, పూత ముగిశాక కొమ్మలు కోసి, పిలకల కోసం నీడలో ఉంచడమే దానికి చేయగలిగిన సేవ.

వేసవి పూలలో నేను ముందుగా ఎంచుకునేది పోర్చులాకా. దళసరి ఆకుల్లో నీరు నిల్వ చేసుకోగలదు, కొమ్మ తుంచి గుచ్చినా వేళ్ళూనుతుంది. అయితే పూలు విప్పారడానికి నేరుగా ఎండ తగలాలి. నెట్ కింద పెడితే పెంచిన ప్రయోజనమే పోతుంది. బిళ్ళగన్నేరు కూడా వేడిని బాగా తట్టుకుంటుంది, అతిగా పోసిన నీటిని మాత్రం తట్టుకోలేదు. కోసి ఇంట్లో పెట్టుకోవడానికి జినియాను మించినది ఈ మూడింటిలో లేదు. దాని ఆకులకు బూడిద తెగులు త్వరగా సోకుతుంది కనుక మొక్కల మధ్య గాలి ఆడేంత ఎడం ఉంచాలి. మల్లె, మందార వంటి పొదలు వేసవిలోనూ పూస్తాయి కాబట్టి అవి ఎలాగూ తోటలో ఉండవలసినవే.

మొక్కలను మార్చడంలో ఉన్న అసలైన కష్టం మధ్యలో వచ్చే ఖాళీ. విత్తిన నాటి నుంచి జినియా పూయడానికి సుమారు 2 నెలలు పడుతుంది, బిళ్ళగన్నేరుకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. పాత మొక్కలు పూస్తుండగానే విడిగా నారు పోసుకుని, ఏ కుండీలో కొత్త మొగ్గలు ఆగిపోయాయో ఆ కుండీనే ముందుగా ఖాళీ చేసుకుంటూ వెళితే, తోట ఒక్కసారిగా బోసిపోదు.