వంటిల్లు మార్పించుకున్నాం: కసవనహళ్ళి ఫ్లాట్, 47 రోజులు, 3.95 లక్షలు

బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు పాత ఫ్లాట్ కొని వంటిల్లు బాగు చేయించుకుందామనుకునే మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. మాది 10 బై 8 అడుగుల వంటిల్లు, పన్నెండేళ్ళ పాతది. సింక్ కింద చెక్క ఉబ్బిపోయి తలుపు పట్టేది కాదు. మా ఏరియాలోనే ఉన్న ఒక మాడ్యులర్ కిచెన్ షాపుకి పని ఇచ్చాం.

వాళ్ళు వేసిచ్చిన త్రీడీ బొమ్మ చూసి నేనైతే ముచ్చటపడిపోయాను. తెల్లటి నిగనిగలాడే (గ్లాసీ) తలుపులు, తెల్ల క్వార్ట్జ్ గట్టు, మూలన తిరిగే బుట్ట. మా అత్తయ్యది ఒంగోలు, ఇంట్లో వంటలో ముప్పాతిక ఆవిడదే. షోరూములో గట్టు ముందు నిలబడి చపాతీ పిండి కలుపుతున్నట్టు చేతులు ఆనించి, "ఇంత ఎత్తయితే భుజాలు పైకి లేస్తున్నాయి బాబూ, రోజూ దీని మీద నేను చెయ్యలేను" అన్నారు. రెండు నెలలు ఫొటోలు చూసిన మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు.

డ్రాయింగులో గట్టు అంతా 34 అంగుళాలు. అత్తయ్య ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, గిన్నెలు కడిగే మా ఆయన 5 అడుగుల 10. సైట్ చూసుకునే అబ్బాయిది హిందూపురం, నిజంగా పని తెలిసినవాడు. వెంటనే టేపు తీసి, మోచేయి మడిచి నిలబడితే దానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద గట్టు ఉండాలని చెప్పి కొలిచాడు. అత్తయ్యకి 31 వచ్చింది. పైగా స్టవ్ ఒక నాలుగంగుళాలు, దాని మీద అయిదు లీటర్ల కుక్కర్ పెడితే మూత తీసి లోపలికి చూడటానికి మునివేళ్ళ మీద లేవాలి, కాబట్టి స్టవ్ వైపు తక్కువ ఎత్తే సరి. సింక్ సంగతి దానికి తలకిందులు, తొట్టి ఎనిమిది తొమ్మిది అంగుళాల లోతు ఉంటుంది కనుక వంగి కడగాలి, నడుం పట్టేస్తుంది. అందుకని స్టవ్ వైపు 31, సింక్ వైపు 35 పెట్టించాం. మా గట్లు ఎదురెదురుగా ఉండి మధ్యలో 4 అడుగుల దారి ఉంది కాబట్టి తేడా తెలియదు, ఎల్ ఆకారం వంటిల్లయితే మూల దగ్గర మెట్టు వస్తుంది, అది ముందే ఆలోచించుకోండి. సింక్ వైపు ఎత్తు పెంచడంలో ఇంకో లాభం, మా డిష్‌వాషర్ ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు, 34 అంగుళాల గట్టులో రాయి మందం పోతే అది కిందకి దూరేదే కాదు.

క్వార్ట్జ్ వద్దనుకున్నాం. అందులో రెజిన్, అంటే రాతి పొడిని అతికించే ప్లాస్టిక్ లాంటి జిగురు ఉంటుంది, పోపు మూకుడు దించి నేరుగా పెడితే మచ్చపడే ప్రమాదం ఉంది, మనింట్లో రోజుకి ఎన్నిసార్లు దించుతామో మీకు తెలుసు. జిగణి వెళ్ళి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ తీసుకున్నాం (రాయి ఖర్చు పైన రాసిన 3.95లో కలపలేదు). ఆ రాయి మా ఒంగోలు దగ్గరి చీమకుర్తిది. నల్ల రాతిలో బంగారు చుక్కలు చూసి అత్తయ్య చాలా సంతోషపడ్డారు, నాకూ ఆ గట్టు తుడుస్తుంటే మా ఊరు గుర్తొస్తుంది.

కింద అరలు మానేసి అన్నీ సొరుగులే పెట్టించాం, ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడొద్దు. అరలో వెనకున్న ఇడ్లీ పాత్ర కావాలంటే ముందున్నవన్నీ తీసి నేల మీద కూర్చోవాలి, సొరుగు లాగితే పైనుంచి అన్నీ కనిపిస్తాయి, అరవై దాటిన మోకాళ్ళకి అది ఎంత సుఖమో రోజూ చూస్తున్నాను. మూలన తిరిగే బుట్ట తీసేయించి ఆ చోట 25 కిలోల బియ్యం డబ్బా చక్రాల స్టాండు మీద పెట్టుకున్నాం. గ్రైండర్‌కి గట్టు మీదే శాశ్వతంగా చోటిచ్చి, పక్కనే ప్లగ్ పెట్టించాం. టైల్స్ అంటించకముందే ప్లగ్గులు లెక్కపెట్టుకోండి, ఓవెన్‌కి, డిష్‌వాషర్‌కి 16 ఆంప్స్‌వి విడిగా కావాలి.

చిమ్నీ గొట్టం మొదట దూలం చుట్టూ మూడు వంపులు తిప్పి గీశారు. వంపు వంపుకీ లాగే బలం తగ్గిపోతుంది. కిటికీ వైపు జరిపించి ఒక్క వంపుతో బయటికి తీయించాం, ఎండుమిర్చి పోపు వేసినా ఇప్పుడు హాల్లో ఎవరూ దగ్గట్లేదు.

ఇక నాకు కోపం వచ్చిన సంగతి. సింక్ కింద పెట్టెలకి బీడబ్ల్యూపీ ప్లై, అంటే నీళ్ళకి తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్నది వాడతామని కొటేషన్‌లో రాసిచ్చారు. లోడు దిగాక చూస్తే రెండు పలకల మీద ఎంఆర్ గ్రేడ్ అని ఉంది, అది తేమకి ఆగుతుందే గానీ నీళ్ళు కారితే నిలవదు. లామినేట్ అంటించాక మీరెవరూ కనిపెట్టలేరు. ఫొటో తీసి పంపితే గోడౌన్‌లో పొరపాటన్నారు, మార్చారు, కానీ దానికే తొమ్మిది రోజులు పోయాయి. చూసుకోకపోయుంటే ఆ పాత వంటింట్లో ఉబ్బిన చెక్కతో పడ్డ బాధ మళ్ళీ పడాల్సి వచ్చేదే. 28 రోజులన్నది 47 రోజులైంది, అన్ని రోజులూ బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ మీద వండుకున్నాం. అపార్ట్‌మెంట్‌లో ఆదివారం డ్రిల్లింగ్ ఒప్పుకోరు, అది కూడా లెక్కలో వేసుకోండి. ఇంకొకటి, 3.2 లక్షలని చెప్పినప్పుడు 18 శాతం జీఎస్టీ ఊసే ఎత్తలేదు, అదే 57,600 అయింది, తర్వాత అదనపు సొరుగులకి మరో పదిహేడు వేలు.

చెక్కపని మాత్రం శుభ్రంగా ఉంది. రాజస్థాన్ వడ్రంగులు, అంచులు చేత్తో తడిమి చూసుకుంటూ చేశారు. తలుపులకి గ్లాసీ బదులు మ్యాట్ లామినేట్ వేయించాం, పసుపు చేతి మరకలు తడిగుడ్డతో పోతున్నాయి. మాది బోరు నీళ్ళు, నల్ల సింక్ అయితే తెల్లటి పొర కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌దే తీసుకున్నాం.

మా ఆడపడుచు వాళ్ళు హొరమావులో ఇల్లు తీసుకున్నారు, వాళ్ళ వంటిల్లు కూడా ఈ షాపుకే ఇస్తున్నారు, అదే హిందూపురం అబ్బాయి చూసుకోవాలన్న షరతు మీద. ప్లై పలకల మీద ముద్ర మేము వెళ్ళి చూశాకే రెండో విడత డబ్బు ఇస్తామని ఈసారి ముందే కాగితం మీద రాయించుకున్నాం.