నాలుగేళ్లలో అమ్మే ఇంటికి ఏ రంగు నేల? మా వినైల్ ప్లాంకు అనుభవం

ఈ ఇంట్లో మేం ఉండేది మహా అయితే ఇంకో నాలుగేళ్లు. మా అమ్మాయి చదువు అయిపోగానే దీన్ని అమ్మేసి చిన్న ఇంటికి మారిపోవాలన్నది ఎప్పటినుంచో అనుకుంటున్నదే. అందుకే హాల్లోనూ రెండు బెడ్‌రూముల్లోనూ వినైల్ ప్లాంకు (చెక్క పలకల్లా కనిపించే ప్లాస్టిక్ నేల) వేయించాలనుకున్నప్పుడు నాకు పట్టుకున్న టెన్షనంతా రంగు గురించే. మందం, క్లిక్ లాక్ (పలకలు ఒకదానిలో ఒకటి బిగుసుకునే పద్ధతి), కింద ఫోమ్ ఉందా లేదా, ఇవన్నీ ఒక్క పూటలో తేల్చేశాను. రంగు తేలడానికి ఆరు వారాలు పట్టింది.

అంత ఆలోచన ఎందుకంటే, అసలు చెక్క నేలయితే రంగు నచ్చనప్పుడు పైన అరగదీయించి మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు. వినైల్‌కి ఆ అవకాశం లేదు. మనకు కనిపించే చెక్క గీతలు అచ్చు వేసిన బొమ్మ. దాని మీద గాజులాంటి పల్చటి పైపొర ఉంటుంది, అంతే. అరగదీస్తే బొమ్మే పోతుంది. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు నేల వైపు చూసి 'ఇది మార్పించుకోవాలి' అనుకున్నారంటే, ఆ ఖర్చంతా మనం చెప్పిన ధరలోంచే కోస్తారు.

మొదట నా మనసు పడింది గ్రే మీద. 2010 దాటాక చాలా ఏళ్లు ఇంటీరియర్ ఫొటోల్లో ఎక్కడ చూసినా అదే రంగు కదా. షాంపిల్ కూడా నీట్‌గా, చల్లగా ఉంది. మా ఆవిడ మాత్రం పెదవి విరిచింది. "ఇది చూడగానే ఏ సంవత్సరంలో వేయించారో చెప్పేయొచ్చండి" అంది. కాదనలేకపోయాను. ఫ్యాషన్ ఇప్పటికే ఓక్ చెక్క సహజ రంగుల వైపు తిరిగిపోయింది. అమ్మేనాటికి ఆ గ్రే ఇంకా పాతగా కనిపిస్తుంది.

తర్వాత ముదురు కాఫీ రంగు. దీన్ని చేతిలో పట్టుకుని చూస్తే రాజసంగా ఉంటుంది. ఒక పూర్తి ప్లాంకు తెచ్చి గుమ్మం దగ్గర పడేసి రెండు రోజులు దాని మీదే నడిచాం. దుమ్ము అడుగులు, నీటి చుక్కలు ఎండిన మరకలు, ఒక తెల్ల వెంట్రుక (నాదే, ఒప్పుకుంటున్నాను) అన్నీ స్పష్టంగా కనిపించాయి. బాగా తెల్లటి రంగుదీ అదే కథ, కాకపోతే దాని మీద నల్ల వెంట్రుకలు. పైగా ప్లాంకుల అంచుల్లోని సన్నటి గాడుల్లో మురికి చేరితే గీత గీసినట్టు తెలుస్తుంది.

చివరికి మిగిలినవి రెండూ మధ్యస్థమైన ఓక్ రంగులే. ఎండుగడ్డికీ తేనెకీ మధ్యలో ఉంటాయి. షాపులో రెండూ కవలల్లా ఉన్నాయి. ఇంటికి తెచ్చాక అసలు తేడా బయటపడింది. పక్కనే ఒక తెల్ల కాగితం పెట్టి చూస్తే ఒకదాంట్లో లోపలినుంచి గులాబీ ఛాయ తొంగి చూస్తోంది, రెండోదాంట్లో లేదు. షాపులో తెల్ల లైట్లు. మా హాల్లో పసుపు వెలుగు ఇచ్చే 2700 కెల్విన్ బల్బులు. రాత్రి ఆ వెలుగులో గులాబీ ఛాయ ప్లాంకు కాస్తా ఇటుక రంగులోకి దిగింది. మా తలుపుల ఫ్రేములు గోధుమ రంగువి, వాటి పక్కన అది మరీ ఎబ్బెట్టుగా ఉంది. గోడ రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తలుపులూ, వంటగది గట్టు రాయీ ఎక్కడికీ పోవు కదా. అందుకని షాంపిల్‌ని గోడకి కాకుండా వాటికి ఆనించి చూశాను. ఉదయం, మధ్యాహ్నం, లైట్లు వేశాక, మూడుసార్లు చూసి గులాబీ లేనిదాన్నే ఖాయం చేశాం. మెరుపు లేని మ్యాట్ ఫినిష్ తీసుకున్నాం. మెరిసేదాని మీద కిటికీ వెలుగు పడితే ప్రతి గీతా కనిపిస్తుంది.

రంగు ఎంత బాగున్నా పైపొర పల్చగా ఉంటే లాభం లేదు. మాది 20 మిల్ పైపొర. మిల్ అంటే మిల్లీమీటరు కాదు, నేనూ మొదట అలాగే పొరబడ్డాను. అంగుళంలో వెయ్యోవంతు. 20 మిల్ అంటే సుమారు అర మిల్లీమీటరు.

వేయించి ఏడాదిన్నర అయింది. మూడు గదుల్లోనూ ఒకే రంగు పరవడంతో హాలు నిజంగానే పెద్దగా కనిపిస్తోంది. ప్లాంకులు పొడవు వైపు, కిటికీలోంచి వెలుగు వచ్చే దిశలో వేయించాం. రెండు రోజులు తుడవకపోయినా ఎవరికీ తెలియదు. మొన్న ఇంటి ధర అంచనా కోసం ఒక బ్రోకర్‌ని పిలిస్తే కిటికీలు తెరిచి చూశాడు, బాత్రూమ్ కుళాయిలు తిప్పాడు, నేల ఊసే ఎత్తలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను. "ఏం సార్, ఏమైనా ప్రాబ్లమా?" అన్నాడు.

ప్రాబ్లమ్ లేకపోలేదు. మొదటిది నా తప్పే. గుమ్మం లోపల రబ్బరు అడుగున్న మ్యాట్ వేశాను. రబ్బరులోని రసాయనాలు వినైల్‌తో కలిస్తే మరక పడుతుందని చాలా కంపెనీలు ముందే హెచ్చరిస్తాయి, నేనే చదవలేదు. ఎనిమిది నెలల తర్వాత మ్యాట్ ఎత్తి చూస్తే కింద పసుపుపచ్చటి దీర్ఘచతురస్రం. ఎంత రుద్దినా పోలేదు. ఒకే బ్యాచ్ నంబరువి ఒక పెట్టె అదనంగా తీసుకుని ఉంచడం ఆ రోజు పనికొచ్చింది. అదృష్టవశాత్తూ అది గోడ వారనే. స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) తీసి, మూడు ప్లాంకులు ఊడదీసి కొత్తవి బిగించారు. గది మధ్యలో అయి ఉంటే గోడ దగ్గర్నుంచి అక్కడిదాకా విప్పుకుంటూ రావాల్సిందే. మిగిలిన ప్లాంకులు లేబుల్ చింపకుండా అటక మీదే ఉన్నాయి, ఇల్లు కొన్నవాళ్లకి అప్పగిస్తాను.

రెండోది మాత్రం ప్లాంకులదీ, పరిచినవాళ్లదీ. ఈ బొమ్మలో ఒకచోట కన్నులాంటి ముడి ఉంది. ఒక పెట్టె అయ్యాక ఇంకో పెట్టె తెరవకుండా నాలుగైదు పెట్టెలవి కలిపి పరవాలి. నేను బయటికి వెళ్లి వచ్చేసరికి ఒకే పెట్టెలోవి వరసగా పరిచేశారు. సోఫాకీ టీవీకీ మధ్య అదే కన్ను మూడుసార్లు వస్తుంది. వచ్చినవాళ్లెవరూ ఇంతవరకూ గమనించలేదు గానీ, నాకు రోజూ కనిపిస్తుంది. కొనేముందు ఎన్ని రకాల బొమ్మలతో ప్లాంకులు వస్తాయో షాపులో అడగాల్సింది.

ఐదుకి నాలుగు స్టార్లు. రంగుకి ఐదూ ఇచ్చేవాణ్ణే, ఆ కన్ను ఒకటి పట్టుకెళ్లిపోయింది.