మాల్దీనీలా ఉండిపోవడమా, కన్నవారోలా తిరగడమా?

ఫుట్‌బాల్‌లో గోల్స్ కొట్టేవాడు ఏ క్లబ్‌కి వెళ్లినా నెలలో కుదురుకుంటాడు. గోల్ పడకుండా అడ్డుకునే డిఫెండర్ సంగతి వేరు. పక్కవాడు ఎప్పుడు ముందుకెళ్తాడో, ఎప్పుడు ఆగుతాడో తెలియకపోతే ఎంత మొనగాడైనా దొరికిపోతాడు. మరి డిఫెండర్‌కి ఒకే చోట ఉండిపోవడం మేలా, నాలుగు ఊళ్లు తిరగడం మేలా? ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు ఇద్దరు ఇటలీవాళ్లు గుర్తొస్తారు: పావోలో మాల్దీనీ, ఫాబియో కన్నవారో.

మాల్దీనీ 1985 జనవరిలో, పదహారేళ్లకే ఏసీ మిలాన్ తరఫున దిగాడు. 2009లో ఆట మానేసేదాకా ఇంకో క్లబ్ చొక్కా వేసుకోలేదు. 902 మ్యాచ్‌లు, 7 ఇటలీ లీగ్ టైటిళ్లు, 5 యూరోపియన్ కప్పులు (యూరప్ క్లబ్‌ల మధ్య జరిగే అతి పెద్ద పోటీ). కన్నవారోది నేపుల్స్. ఆ ఊరి క్లబ్ నాపోలి స్టేడియంలో బంతులందించిన కుర్రాడు ఆ క్లబ్‌కే ఆడాడు. 1995లో పార్మాకి వెళ్లాడు. తర్వాత ఇంటర్, యువెంటస్, రియల్ మాడ్రిడ్, మళ్లీ యువెంటస్, చివరికి దుబాయ్.

చాలామంది ఇక్కడ విశ్వాసం గురించి మాట్లాడతారు. నేనొప్పుకోను. మాల్దీనీ తండ్రి కూడా మిలాన్ కెప్టెనే, పైగా అప్పట్లో అది డబ్బున్న క్లబ్. అక్కడే అన్నీ గెలుస్తుంటే వదిలి వెళ్లాల్సిన అవసరమేముంది? నాపోలికి డబ్బు కటకటై కన్నవారోని అమ్ముకుంది. ఉండిపోవాలన్నా పెట్టి పుట్టాలి.

ఉండిపోవడం వల్ల అసలు లాభం ముప్పై దాటాక కనిపిస్తుంది. కుడికాలి వాటమైనా మాల్దీనీ ఏళ్ల తరబడి ఎడమ వైపు ఆడాడు. వయసు మీదపడ్డాక అదే జట్టులో డిఫెన్స్ మధ్యలోకి జరిగాడు. 2007లో ఏథెన్స్‌లో కెప్టెన్‌గా యూరోపియన్ కప్పు ఎత్తినప్పుడు అతనికి ముప్పై తొమ్మిది నిండబోతున్నాయి.

అయితే ప్రపంచ కప్ మాత్రం దక్కలేదు. 1994 ఫైనల్లో పెనాల్టీలతో పోయింది. 2002లో కొరియా చేతిలో ఓడాక జాతీయ జట్టుకి దణ్ణం పెట్టేశాడు. నాలుగేళ్లకి అదే జట్టు గెలిచింది, కెప్టెన్ కన్నవారో.

ఆ 2006 సెమీఫైనల్ చివరి నిమిషం చూడండి. ఎక్స్‌ట్రా టైమ్ అయిపోవస్తోంది, జర్మనీపై ఇటలీ 1-0. గోల్ ముందుకి వచ్చిన బంతిని కన్నవారో ఎగిరి తలతో బయటికి కొట్టాడు. అది జర్మనీ ఆటగాడు పొడోల్‌స్కీ దగ్గర పడింది. అతను కాలితో ఆపుకునేలోపే మళ్లీ కన్నవారోనే పరుగెత్తుకొచ్చి లాక్కున్నాడు. అక్కణ్ణుంచి బంతి ఇటలీవాళ్లు టోట్టీ, గిలార్డినోల మీదుగా వెళ్లి, చివరికి డెల్ పియరో గోల్. ఆ కప్పులో కన్నవారో 690 నిమిషాలు ఆడి, తప్పుడు ఆటకి రెఫరీ చూపే కార్డు ఒక్కటీ చూడలేదు. డిఫెండర్‌కి ఇది మామూలు విషయం కాదు. ఆ ఏడాది మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు అతనిదే. ఆ అవార్డుకి మాల్దీనీ రెండుసార్లు మూడో స్థానం దగ్గరే ఆగిపోయాడు.

తిరిగినందుకు కన్నవారో మూల్యమూ చెల్లించాడు. యువెంటస్‌తో గెలిచిన రెండు లీగ్ టైటిళ్లు మ్యాచ్ రెఫరీల కుంభకోణంలో పోయాయి. మాడ్రిడ్‌లో రెండుసార్లు లీగ్ గెలిచినా యూరోపియన్ కప్ అందలేదు. (2012లో బెంగాల్ లీగ్ వేలంలో సిలిగురి అతన్ని 8 లక్షల 30 వేల డాలర్లకి కొంది. ఆ లీగ్ జరగనేలేదు!)

ఒక్క నెలకి ఎవరు కావాలంటే కన్నవారో. ఇరవయ్యేళ్లకైతే, సందేహం లేదు, మాల్దీనీ. అలాగని ఉండిపోయినవాణ్ణి అందరూ నెత్తిన పెట్టుకుంటారనుకోకండి. 2009 మే 24న సొంత మైదానంలో చివరి మ్యాచ్, రోమా చేతిలో 3-2తో ఓటమి. మాల్దీనీ చెయ్యి ఊపుతూ మైదానం చుట్టూ తిరుగుతుంటే, గ్యాలరీలో ఒక మూల మిలాన్ అభిమానులే అతన్ని చూసి ఈలలు వేసి గేలి చేశారు.